బాధ్యుల గడి

ప్రిన్సిపాల్ గది,
జూన్ 19

పిన్నీ,

ఉత్తరం పైన రాసిన చోటు చూసి నవ్వకండి. అలా రాసుకుంటే అయినా ఈ గది నాదన్న నమ్మకం కుదురుతుందేమోనని రాశాను. ఈ కుర్చీ నాదై మూడు రోజులైంది. మూడు రోజుల్లో కలిపి గంటన్నర కూర్చుని ఉంటాను.

పదహారేళ్ళు ఇదే స్కూల్లో లెక్కలు చెప్పాను. స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ నాది. మొదటి రోజు పొద్దున అలవాటు కొద్దీ అక్కడికే వెళ్ళి బ్యాగు పెట్టాను. అప్పటిదాకా గలగలా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కసారి నోళ్ళు మూసేసుకున్నారు. సైన్సు టీచరు, మీకు తెలుసుగా, ఇన్నేళ్ళుగా నా డబ్బాలో చెయ్యి పెట్టి తింటున్న మనిషి, లేచి నిలబడింది. "కూర్చోవే" అన్నాను. కూర్చుంది గానీ, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. నేనే బ్యాగు తీసుకుని బయటికి వచ్చేశాను.

పాత ప్రిన్సిపాల్ గారు ఆరోగ్యం బాగాలేక ఉన్నట్టుండి మానేయడంతో కమిటీ నన్ను ఇన్‌ఛార్జిగా వేసింది. ఏడాది చూసి ఖాయం చేస్తారట. "మీరు మంచి టీచరు, అందులో సందేహం లేదు. ఇది వేరే పని" అన్నారు ఛైర్మన్ గారు. ఆ వేరే పని ఏమిటో మాత్రం చెప్పలేదు.

అన్నిటికన్నా కష్టం పొద్దున్నే సర్దుబాటు కాగితం రాయడం. ఆ రోజు రాని టీచర్ల పీరియడ్లు వచ్చినవాళ్ళకి పంచాలి కదా. ఎవరి పేరు రాయబోయినా వాళ్ళ ముఖం కళ్ళ ముందుకొస్తుంది. మొన్నటిదాకా ఆ కాగితం చూసి పళ్ళు కొరికినవాళ్ళలో నేనూ ఉన్నాను. నిన్న ముగ్గురు రాలేదు. చివరికి నాలుగు పీరియడ్లకి నా పేరే రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ప్రాణానికి హాయిగా ఉంది. సుద్దముక్క చేతిలో ఉంటే నేనెవరో నాకు తెలుస్తుంది.

మీరు ఇరవై రెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. మీ స్కూల్లోనే చదివాను గనక నాకు తెలుసు, మీరు వరండాలో నడిచి వస్తుంటే పెద్ద పెద్ద మాస్టార్లు కూడా చొక్కా సర్దుకునేవాళ్ళు. అది మీకు ఎలా వచ్చింది? మొదటి రోజే వచ్చిందా? ఫోన్లో అడిగితే మధ్యలో అడ్డొస్తానని కసురుతారు. అందుకే రాస్తున్నాను.

మీ పండు

*

మేడమీద గది,
జూన్ 27

పండూ,

నలభై నాలుగేళ్ళ ప్రిన్సిపాల్ని పండూ అని పిలవచ్చా అని ఒక నిమిషం ఆలోచించాను. పిలవచ్చని నిర్ణయించాను. చూశావా, నిర్ణయం తీసుకోవడం ఎంత తేలికో.

చొక్కాలు సర్దుకునే మాస్టార్ల గురించి రాశావు. నువ్వు చూసింది తర్వాతి సంగతి. మొదటి ఏడాది నన్నెవరూ లెక్కచేయలేదు. హెడ్మిస్ట్రెస్ అంటే ఎలా ఉండాలో తెలియక, నా ముందున్నావిడ గొంతు అరువు తెచ్చుకున్నాను. ఆవిడది బొంగురు గొంతు. రెండు నెలలు అలా మాట్లాడితే నాకు గొంతునొప్పి మిగిలింది, పిల్లలకి నన్ను వెక్కిరించే సరదా దొరికింది. రెండో ఏడాది ఒక సంగతి జరిగింది. ఆ రోజు నుంచి ఎవరూ నాకు ఎదురు చెప్పలేదు. అది పెద్ద కథ, ఇప్పుడెందుకులే.

నీ విషయానికి వస్తాను. సర్దుబాటు కాగితంలో నీ పేరు రాసుకోకు. ఎవరినీ అడగకు కూడా. రాయి, అంతే. రాశాక తలుపు బార్లా తెరిచి నీ గదిలో కూర్చో. తిట్టుకుంటారు. తిట్టుకోనీ. పొద్దున గేటు దగ్గర నిలబడు, పిల్లలూ టీచర్లూ అందరూ నిన్ను దాటుకునే లోపలికి వెళ్ళాలి. సైన్సు టీచరు నీ డబ్బాలో తినడం మానేస్తే బాధపడు, కానీ ఆ బాధ నీ గదిలో పడు, స్టాఫ్ రూములో కాదు.

భోజనం మానేసి పని చెయ్యకు. నీ చేతిరాత చూస్తే ఆకలితో రాసినట్టుంది.

పిన్ని

*

ఏడో తరగతి గది (పిల్లలు లెక్క చేసుకుంటున్నారు),
ఆగస్టు 11

పిన్నీ,

మీరు చెప్పినట్టే చేశాను. గేటు దగ్గర నిలబడ్డాను. మీలాగే కళ్ళద్దాలు ముక్కు కొన మీదికి దించి పై నుంచి చూశాను. మూడో రోజు సైన్సు టీచరు దగ్గరికి వచ్చి, "మెడ పట్టేసిందా?" అని నెమ్మదిగా అడిగింది. మీ చూపు నా ముఖానికి అతకలేదు, పిన్నీ.

సర్దుబాటు కాగితం కూడా అడక్కుండానే రాశాను. డ్రాయింగు మాస్టారికి రెండు పీరియడ్లు వేశాను. ఆయన సంతకం పెట్టి, పక్కన చిన్న గాడిద బొమ్మ వేసి పంపారు. బొమ్మ చక్కగా కుదిరింది. ఆ గాడిద ఆయనో నేనో తేల్చుకోలేక ఆ రెండు పీరియడ్లూ నేనే తీసుకున్నాను. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. నిన్న ఎనిమిదింట్లో ఆరు పీరియడ్లు నేనే చెప్పాను. స్టాఫ్ రూములో మళ్ళీ నన్ను చూసి నవ్వుతున్నారు. నా డబ్బాలో చెయ్యి మళ్ళీ పడుతోంది.

మా ఆఫీసు క్లర్కు గురించి మీకు రాయలేదు కదూ. యాభై దాటిన మనిషి. నోరు విప్పాలంటే మహా మొహమాటం. చెప్పాల్సిందేదైనా చీటీ మీద రాసి ఇస్తారు. "ఈ రోజే సంతకం కావాలి." "నీళ్ళ ట్యాంకు బాగుచేసే మనిషి వచ్చాడు." "మీరు కళ్ళద్దాలు నా బల్ల మీద మర్చిపోయారు." పిల్లలు ఆయన్ని చీటీల సారు అంటారు. నేను ఏ క్లాసులో ఉంటే ఆ గుమ్మం దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఇప్పుడూ ఉన్నారు. సుద్ద అంటిన చేత్తో "తర్వాత" అని సైగ చేశాను. తల ఊపి వెళ్ళిపోయారు. మంచి మనిషి.

బల్ల మీద కాగితాలు పేరుకుంటున్నాయి, నిజమే. ఆదివారం వచ్చి చూసుకుంటాను. పిల్లలకి పాఠం పోకుండా ఉండటం కన్నా ముఖ్యమైంది ఏముంది చెప్పండి.

మీ పండు

*

మేడమీద గది,
ఆగస్టు 20

పండూ,

నీ ఉత్తరం పైన "ఏడో తరగతి గది" అని చూడగానే మిగతాది చదవక్కర్లేకపోయింది. అయినా చదివాను.

పిల్లలకి పాఠం పోతుందని నువ్వు క్లాసుకి వెళ్ళడం లేదు. పారిపోతున్నావు. క్లాసులో ఉన్న మనిషి నీకు పదహారేళ్ళుగా తెలుసు. ఆ గదిలో కూర్చోవలసిన మనిషి ఎవరో నీకింకా తెలియదు. తెలియని మనిషితో ఒంటరిగా కూర్చోవాలంటే ఎవరికైనా భయమే. నాకూ ఉండేది. కానీ నువ్వు అక్కడ కూర్చోకపోతే ఆవిడ ఎప్పటికీ రాదు.

ఇంకో మాట. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ క్లర్కుని లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, ఆయన చెప్పేది పూర్తిగా విను. నోరులేని మనిషిని అలా నిలబెట్టి ఉంచకు. ఈ ఒక్కటి నా మాట విను.

పిన్ని

*

ఇల్లు, వంటగది బల్ల,
నవంబరు 18

పిన్నీ,

మూడు నెలలు రాయలేదు. రాయడానికి ముఖం లేని పని ఒకటి జరిగింది.

పబ్లిక్ పరీక్ష రాసే పదో తరగతి పిల్లల జాబితా బోర్డుకి పంపే గడువు పోయిన శుక్రవారం. జాబితా వెళ్ళింది. దాని చివరి పేజీ వెళ్ళలేదు. ఆ పేజీలో తొమ్మిది మంది ఉన్నారు. అంటే బోర్డు లెక్కలో ఆ తొమ్మిది మంది ఈ ఏడు పరీక్ష రాయడం లేదు.

క్లర్కు ఆ పేజీ వదిలేశారు. కట్ట నా చేతికి వచ్చినప్పుడే అందులో ఆ పేజీ లేదు. లేని పేజీ లేదని నాకెలా తెలుస్తుంది? నేను సంతకం పెట్టాను, పంపాను. జరిగింది అంతే.

తల్లిదండ్రులు వచ్చారు. ఒకాయన బస్సు డ్రైవరు, డ్యూటీ యూనిఫాంలోనే వచ్చారు. కేకలు వేయలేదు. "మా అమ్మాయి పేరు మీకు గుర్తుందా మేడమ్?" అని అడిగారు. గుర్తుంది. మూడో బెంచీ, లెక్క తప్పినా దిద్దుకోవడానికి సిగ్గుపడని పిల్ల. గుర్తుందని చెప్పలేక తల ఊపాను.

దారి ఒకటి ఉంది. ఆలస్యంగా పేర్లు చేర్చమని ఫారం పెట్టుకుంటే బోర్డు ఒప్పుకుంటుందట. డిసెంబరు మూడు ఆఖరు. కానీ ఆ ఫారంలో నాలుగో గడి ఉంది: "తప్పుకు బాధ్యులైన వారి పేరు, హోదా." అది ఖాళీగా వదిలితే తీసుకోరు. ఛైర్మన్ గారు నన్ను పిలిచి, "క్లర్కు పేరు రాయండి. నాలుగేళ్ళలో ఎలాగూ రిటైరయ్యే మనిషి. కాస్త ముందుగా ఇంటికి వెళ్తాడు. మీ పేరు రాస్తే అది ఫైల్లో ఉండిపోతుంది, తర్వాత మిమ్మల్ని ఖాయం చేయడం నా చేతుల్లో ఉండదు" అన్నారు. ఆయన నా మంచి కోరే చెప్పారు, అదే బాధ.

మీరైతే ఏం చేసేవారు? సూటిగా రాయండి.

మీ పండు

*

మేడమీద గది,
నవంబరు 24

పండూ,

పిల్లల పని ముందు చూడు. గడువు దాటనివ్వకు. క్లర్కు సంగతి నన్ను అడగకు. మోకాలు నొప్పిగా ఉంది, ఎక్కువ రాయలేను.

పిన్ని

*

ప్రిన్సిపాల్ గది,
నవంబరు 30

పిన్నీ,

మోకాలి నొప్పికీ ఉత్తరం రాయడానికీ సంబంధం ఏమిటో నాకు అంతుపట్టలేదు. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. వచ్చినా న్యాయమే. పోయిన ఉత్తరంలో మీకు సగమే రాశాను. మిగతా సగం ఇది.

ఆ శుక్రవారం నలుగురు టీచర్లు రాలేదు. ఐదు పీరియడ్లకి నా పేరు రాసుకున్నాను. క్లర్కు రెండుసార్లు క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చారు. రెండుసార్లూ "తర్వాత" అన్నాను. మూడోసారి వరండాలో ఎదురొచ్చి, పేజీలు సరిచూడమని కట్ట చేతికిచ్చారు. పైన ఒక చీటీ ఉంది. ఆ చీటీ తీసి నా లెక్కల పుస్తకంలో పెట్టుకుని, కట్టని గోడకి ఆనించి టకటకా సంతకాలు చేసేశాను. ఆయన ఏదో చెప్పబోయారు. ఆయనకి మాట బయటికి రావడానికి కాస్త టైము పడుతుంది. నా దగ్గర టైము లేదు, పక్క క్లాసులో గోల మొదలైంది. అటెండరుని పిలిచి కట్ట నేనే అతని చేతిలో పెట్టి, "బోర్డు ఆఫీసులో ఇచ్చేసి రా" అన్నాను.

సోమవారం భిన్నాలు చెబుతుంటే పుస్తకంలోంచి చీటీ జారి కిందపడింది. "చివరి పేజీ ప్రింటు సరిగా రాలేదు. మళ్ళీ తీస్తున్నాను. అది వచ్చేదాకా పంపవద్దు." మీకు ఉత్తరం రాయడానికి రెండు రోజుల ముందు సంగతి ఇది. తెలిసే మీకు అలా రాశాను.

ఛైర్మన్ గారు కేకలేస్తుంటే క్లర్కు తల వంచుకుని నిలబడ్డారు. చీటీ ఇచ్చానని అనలేదు. నా వైపు ఒక్కసారి చూశారు. నేను గోడ మీద టైంటేబులు చూస్తున్నట్టు నటించాను. చీటీ అప్పుడు నా బ్యాగులోనే ఉంది. దాన్ని చించేద్దామని రెండుసార్లు బయటికి తీశాను కూడా. నామీద నాకు అసహ్యం వేసింది.

ఈ రోజు పొద్దున ఏ క్లాసుకీ వెళ్ళకుండా తలుపు వేసుకుని, ఫారం ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఈ గదిలో అంతసేపు కూర్చోవడం ఇదే మొదలు. మీరు జవాబు రాయలేదు గనక మీరేం చేసేవారో నేనే ఊహించుకున్నాను. కష్టం కాలేదు. మీరైతే ఒక్క నిమిషం కూడా తటపటాయించరు. మీ పేరు రాసి, కింద గీత గీసి, "ఇంకేమైనా గడులున్నాయా?" అని అడుగుతారు. నేనూ అలాగే నా పేరు రాశాను. గీత కూడా గీశాను.

మధ్యాహ్నం స్టాఫ్ అందర్నీ పిలిచి చీటీ చదివి వినిపించాను. "తప్పు సారుది కాదు. ఆయన ఆగమన్నారు, నేను ఆగలేదు. క్లాసులు చెప్పుకుంటూ నా పని వదిలేశాను. మిమ్మల్ని పని అడగాలంటే నాకు భయం, అందుకని" అన్నాను. మీ గొంతు తెచ్చుకోవాలని కూడా తోచలేదు, నాదే వచ్చింది. తర్వాత డ్రాయింగు మాస్టారు, "రేపు నాకు రెండు పీరియడ్లు వెయ్యండి. బొమ్మ వెయ్యను" అన్నారు. అందరూ నవ్వారు. సైన్సు టీచరు నవ్వబోయి ఏడ్చింది. క్లర్కు కళ్ళద్దాలు తుడుచుకుని, చీటీ లేకుండా నోటితోనే, "ఆ చీటీ నాకిచ్చేయండి మేడమ్, ఫైల్లో పెట్టాలి" అన్నారు.

నన్ను ఖాయం చేయరేమోనని భయంగానే ఉంది. ఇన్నాళ్ళూ వద్దనుకున్న కుర్చీ, ఇప్పుడు కావాలనిపిస్తోంది. అయినా ఈ రోజు బాగా ఆకలేసింది, కడుపు నిండా తిన్నాను. మీ వల్లే.

మీ పండు

*

మేడమీద గది,
నవంబరు 30

పండూ,

నీ దగ్గర్నుంచి ఇంకా ఉత్తరం లేదు. ఇది గడువు లోపల నీకు చేరాలి. పొద్దున్నే వెళ్ళి పోస్టు చేస్తాను.

నా మోకాలు బాగానే ఉంది.

నేనైతే ఏం చేసేదాన్నని అడిగావు. ఏం చేశానో రాస్తాను. హెడ్మిస్ట్రెస్‌నై రెండో ఏడాది. మా స్కూలు పరీక్షా కేంద్రం. సీలు వేసిన ప్రశ్నపత్రాల కవర్లు తారీఖుల వారీగా సర్ది పెట్టే పని మా క్లర్కుది. చాలా శుభ్రమైన పనిమంతుడు. ఆ ఉదయం నేను హడావిడిలో ఉన్నాను. పరిశీలకుల ముందు దర్జా చూపించాలి. అతను తీసి ఇస్తానంటే, "నాకు చేతులున్నాయి" అని నేనే బీరువాలోంచి ఒక కవరు లాగి, నలుగురి ముందూ కత్తెరతో కోశాను. అది మర్నాటి పరీక్ష కవరు.

పరీక్ష రద్దయింది. పిల్లలు మళ్ళీ రాయవలసి వచ్చింది. విచారణకి వచ్చినవాళ్ళు కవరు ఎవరు ఇచ్చారని అడిగారు. నేను అతని వైపు చూశాను. నోటితో ఏమీ అనలేదు, పండూ. ఉత్తినే చూశాను. అది చాలింది. సాయంత్రం అతనితో, "నీకేం కాదు, నేను చూసుకుంటాను, సంతకం పెట్టు" అన్నాను. పెట్టాడు. అతన్ని ఆఫీసులోంచి తీసి పాత పుస్తకాల గదిలో వేశారు. ప్రమోషన్ల జాబితాలో అతని పేరు మళ్ళీ రాలేదు. నేనేమీ చూసుకోలేదు.

ఆ వారం నుంచే మాస్టార్లు చొక్కాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నమ్మకస్థుడైన క్లర్కునే వదలని మనిషి, మనల్ని వదులుతుందా అని. నాకు గొంతు అప్పుడు వచ్చింది. నువ్వు చూసి మెచ్చుకున్న హెడ్మిస్ట్రెస్ అలా తయారైంది. దానితో ఇరవై ఏళ్ళు మంచి పనులు కూడా చేశాను, కాదనను. కానీ దేనితో చేశానో నాకు తెలుసు.

అతని కూతురు అప్పుడు మన స్కూల్లోనే రెండో తరగతి. పిల్లలు ఆ పిల్లని "కవరు" అని పిలిచేవాళ్ళు. ఒకసారి విని వాళ్ళని తిట్టాను. తిట్టడానికి నాకు నోరెలా వచ్చిందో.

ముప్పై నాలుగేళ్ళయింది. అతని ఇల్లు ఇక్కడికి మూడు వీధుల అవతలే. అందుకే కూరగాయలకి చుట్టు తిరిగి వెళ్తాను. ఇప్పుడు వెళ్ళి చెబితే ఏం లాభం అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

మీ క్లర్కు పేరు రాయకు. కుర్చీ పోతే పోనీ.

పిన్ని

*

ప్రిన్సిపాల్ గది,
డిసెంబరు 9

పిన్నీ,

మీ ఉత్తరం రెండో తారీఖున వచ్చింది. నాది మీకు ఆ రోజే అంది ఉంటుంది. వారం రోజులు మీకు రాయబుద్ధి కాలేదు. కోపం వచ్చింది. ఇంట్లో చెప్పుకోలేదు, స్కూల్లో చెప్పుకోలేదు. మీరు నాకు నేర్పిన మాటలన్నీ ఒక్కొక్కటే తలుచుకుని, ఇది ఆ కవరు కోయకముందు మనిషి చెప్పిందా, కోశాక మనిషి చెప్పిందా అని చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంకో సంగతి. ఆ పిల్లని నేనూ కవరు అని పిలిచాను. ఆరో తరగతిలో, నీళ్ళ కుళాయి దగ్గర. ఎందుకంటారో కూడా నాకు తెలియదు. అందరూ అంటున్నారని అన్నాను. ఆ పిల్ల చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

నేను ఫారం ముందు కూర్చుని తలుచుకున్న మనిషి నిజంగా లేదని ఇప్పుడు తెలిసింది. అయినా నా చేత పేరు రాయించింది ఆవిడే. ఆవిడని నేను వదులుకోను. మీరు ఇరవై ఏళ్ళు ఆవిడలా ఉండాలని పాటుపడ్డారు, నేను చూశాను, అది అబద్ధం కాదు. మీ మీద కోపం పోలేదు, ప్రేమా పోలేదు. రెండూ ఉన్నాయి.

ఇక్కడి కబుర్లు. తొమ్మిది మందికీ అనుమతి వచ్చింది. బస్సు డ్రైవరు గారు వచ్చి, జాబితాలో కూతురి పేరు మీద వేలు పెట్టి చూసుకుని, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కమిటీ నాకు మెమో ఇచ్చింది. ఖాయం చేయడం ఇంకో ఏడాది వాయిదా. ఛైర్మన్ గారు, "నేను చెప్పినట్టు వినుంటే బాగుండేది" అన్నారు. "మీరు చెప్పింది విన్నాను సార్, చేయలేకపోయాను" అన్నాను. ఇప్పుడు రోజుకి ఒకటే క్లాసు చెబుతున్నాను. క్లర్కు లోపలికి వచ్చి కూర్చుంటారు. చీటీలు తగ్గాయి. సర్దుబాటు కాగితం రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, రాస్తున్నాను.

ఇప్పుడు వెళ్ళి ఏం లాభం అని రాశారు. లాభం సంగతి నాకు తెలియదు. వెళ్ళండి. ఉత్త మాట చెప్పి రాకండి, కాగితం మీద రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళండి. నేను అడగడం లేదు, పిన్నీ. రాస్తున్నాను.

మీ పండు

*

మేడమీద గది,
డిసెంబరు 20

పండూ,

వెళ్ళాను.

రెండు రోజులు కూర్చుని కాగితం రాశాను. జరిగింది జరిగినట్టు, పాత స్కూలు కమిటీ పేర. మంచి చీర కట్టుకోబోయి, అది కూడా దర్జాలాగే ఉందనిపించి ఇంట్లో కట్టుకునేదే కట్టుకుని వెళ్ళాను. మూడు వీధులు నడవడానికి అరగంట పట్టింది.

ఆయనే తలుపు తీశారు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, "మేడమ్" అన్నారు. లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు. నేను గుమ్మంలోనే నిలబడి, "ఆ కవరు సంగతి మాట్లాడాలి" అన్నాను. అప్పుడు పక్కకి జరిగారు.

కాగితం ఇచ్చాను. బల్ల ముందు కూర్చుని రెండుసార్లు చదివారు. దారంతా నేను రెండు జవాబులకి సిద్ధపడి వెళ్ళాను. పోనివ్వండి అంటారని ఒకటి, బయటికి పొమ్మంటారని ఒకటి. రెండూ అనలేదు.

"తారీఖు తప్పు వేశారు మేడమ్. మంగళవారం నేను కవర్లు సర్దాను. మీరు కోసింది బుధవారం" అన్నారు.

దిద్దుతానన్నాను.

"ఇంకొకటి. ఇక్కడ 'మా ఇద్దరి మధ్య జరిగిన పొరపాటు' అని రాశారు."

చూశాను. నిజంగానే అలా రాసి ఉంది. రెండు రోజులు కూర్చుని, దిద్ది దిద్ది రాసిన కాగితం, పండూ. అందులోనూ సగం ఆయన మీద పెట్టే వెళ్ళాను. నాకు తెలియకుండానే చెయ్యి అలా రాసేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇద్దరిదీ కాదు. నా ఒక్కదానిదే" అన్నాను.

"అయితే అలాగే రాయండి" అని తెల్లకాగితాలు తెచ్చి, పెన్ను మూత తీసి ఇచ్చారు.

ఆయన బల్ల దగ్గరే కూర్చుని మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఆయన ఎదురుగా కూర్చున్నారు. మధ్యలో ఒకసారి, "నెల రోజులు చూశాను, మీరు చెబుతారని. తర్వాత చూడటం మానేశాను" అన్నారు. తప్పయిపోయిందన్నాను. విన్నట్టు తల ఊపారు, అంతే.

రాయడం అయ్యాక చదువుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది. ఇలాంటివి ఇంకో రెండు కావాలి. ఇది స్కూలుకి. ఒకటి నాకు. ఒకటి మా అమ్మాయికి" అన్నారు.

జిరాక్సు తీయించుకొస్తానన్నాను.

"వద్దు. మీ చేత్తోనే రాయండి" అన్నారు. కోపంగా అనలేదు.

రాశాను. రెండోది ఆయన పేర. మూడోది మొదలుపెట్టేటప్పుడు కూతురి పేరు అడిగాను. చెప్పారు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. కాగితం పైన అది రాసి, కింద మళ్ళీ అంతా రాయడం మొదలుపెట్టాను. సగంలో వేళ్ళు పట్టేశాయి. ఆయన చూశారు. ఇక చాలు అనలేదు. నేనూ ఆపలేదు.

పిన్ని